నాన్న ఫోన్‌లో పాప చదువు

ఈ నెల మన శీర్షికకు చేరిన ఉత్తరాల్లో చాలా వాటిని ఒకే ఇంటివారు రాశారేమో అనిపించింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే మంచి ఫోన్, అది తండ్రిది. బడి నుంచి వచ్చే హోంవర్కు, పాఠాల వీడియోలు, పరీక్షల టైమ్‌టేబుల్ అన్నీ అందులోకే వస్తాయి. సాయంత్రం ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే ఫోన్ పిల్లల చేతికి వెళ్లిపోతుంది. పిల్లల భద్రత గురించి మనకు తరచుగా వినిపించే సలహాలు ప్రతి పిల్లవాడికీ సొంత ఫోన్, సొంత ఖాతా ఉంటాయన్న ఊహతో చెప్పేవి కనుక ఇలాంటి ఇళ్లకు సరిగా అతకవు. అందుకే మొదటి ఉత్తరానికి కాస్త విస్తారంగా జవాబు రాస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు, పిల్లల వివరాలు ఎప్పటిలాగే ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయి ఐదో తరగతి. బడివాళ్లు హోంవర్కు వాట్సాప్ గ్రూపులో పెడతారు. అరగంటలో రాసేస్తానని వాళ్ల నాన్న ఫోన్ తీసుకుంటుంది, గంటన్నర దాటినా ఇవ్వదు. వెనక నుంచి చూస్తే షార్ట్స్ చూస్తూ ఉంటుంది. మొన్న హోంవర్కు ఫొటో కోసం గ్యాలరీలో వెతుకుతూ, చూడకూడని బొమ్మ ఏదో కనబడితే "అమ్మా, ఇదేంటి?" అని తెచ్చి నాకే చూపించింది. మా వారి స్నేహితుల గ్రూపులో ఎవరో పంపారట. నేను ఏడో తరగతి వరకే చదువుకున్నాను, ఫోన్ సంగతులు నాకంటే దానికే ఎక్కువ తెలుసు. నేనేం చెయ్యగలను?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అమ్మాయి ఆ బొమ్మను దాచుకోకుండా తెచ్చి మీకు చూపించిందన్న మాట చదివి నాకు సగం బెంగ తీరింది. ఇక ముందు కూడా అది మీ దగ్గరకే రావాలంటే, చూపించినందుకు దాన్ని కసరకూడదు, ఫోన్ లాక్కోకూడదు. ఫోన్‌లో ఏది ఎక్కడ నొక్కాలో పిల్లలకు ఎక్కువ తెలియవచ్చు గానీ, ఏది ఎందుకు పంపుతారో, ఏ మాట వెనక ఏ ఉద్దేశం ఉంటుందో పెద్దలకు తెలిసినంతగా వారికి తెలియదు. ఆ తెలివిడికీ మీ చదువుకూ సంబంధం లేదు.

ఇందులో మొదట చక్కదిద్దవలసింది అమ్మాయి అలవాటును కాదు, మీ వారి ఫోన్‌ను. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి ఫొటో, వీడియో దానంతట అదే గ్యాలరీలోకి చేరేలా చాలా ఫోన్లలో అమరిక ఉంటుంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో "చాట్స్" అనే చోట "మీడియా విజిబిలిటీ" అని ఒక మీట కనిపిస్తుంది. దాన్ని ఆపేస్తే కొత్తగా వచ్చే బొమ్మలు గ్యాలరీలో కనబడవు. అప్పటికే వచ్చి ఉన్నవాటిని మీ వారే కూర్చుని తీసివేయాలి. స్నేహితుల గ్రూపులను చాట్ లాక్‌లో పెట్టుకుంటే వేలిముద్ర గానీ ఫోన్ తాళం అంకె గానీ లేనిదే అవి తెరుచుకోవు. నా మట్టుకు, పిల్లల చేతికి వెళ్లే ఫోన్‌లో అలాంటి గ్రూపు ఉండనే కూడదని అంటాను. "మా ఇంట్లో ఈ ఫోన్ పాప వాడుతుంది, ఇలాంటివి పంపకండి" అని తండ్రి ఒక్క మాట రాస్తే నొచ్చుకునే స్నేహితులు ఉంటారేమో, ఉండనివ్వండి.

తర్వాతిది డబ్బు సంగతి. పిల్లల్ని కొట్టుకు పంపేటప్పుడు యూపీఐ పిన్ చెప్పి పంపడం చాలా ఇళ్లలో మామూలైపోయింది. ఆ పిన్ ఈ రోజే మార్చండి, చెల్లింపుల యాప్‌కు వేరే తాళం పెట్టండి. పిన్ కొడితే మన ఖాతాలోంచి డబ్బు పోవడమే గానీ, మనకు డబ్బు రావడానికి పిన్ ఎన్నడూ అవసరం లేదన్న సంగతిని ఎక్కం నేర్పినట్లు పిల్లలకు నేర్పండి.

షార్ట్స్ విషయంలో, హోంవర్కుకు ఇచ్చిన ఫోన్‌లో మనం తెరిచి ఇచ్చిన యాప్ తప్ప మరొకటి తెరుచుకోకుండా చేసే వీలు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది. సెట్టింగ్స్‌లోని సెక్యూరిటీ భాగంలో "యాప్ పిన్నింగ్" అని ఉంటుంది, కంపెనీని బట్టి పేరు కొంచెం మారవచ్చు. వాట్సాప్‌లో బడి గ్రూపు తెరిచి, బయటకు రావాలంటే తాళం అంకె అడిగేలా పెట్టి ఆ యాప్‌ను పిన్ చేసి ఇస్తే, ఆ అంకె తెలియకుండా బయటకు వచ్చి మరో యాప్‌లోకి పోవడం కుదరదు. బడివాళ్లు యూట్యూబ్ వీడియో చూడమన్న రోజున మాత్రం ఇది చాలదు, ఎందుకంటే షార్ట్స్ ఉన్నది యూట్యూబ్‌లోనే. ఆ వీడియో మీ ఎదుట చూడనివ్వండి. లేదా యూట్యూబ్ కిడ్స్ అనే వేరే యాప్‌లో అమ్మాయి పేరున ఒక ప్రొఫైల్ తెరిచి, మీరు ఎంచి పెట్టిన వీడియోలు మాత్రమే కనిపించే పద్ధతిని ఎంచుకోండి. ఆ పద్ధతిలో పిల్లలు తమంతట తాము వెతకడానికి వీలుండదు. పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన నలుపు తెలుపు గళ్లతో అచ్చువేసిన క్యూఆర్ కోడ్ ఉంటే, 2017లో కేంద్రం ప్రారంభించిన దీక్ష యాప్‌తో దాన్ని స్కాన్ చేసి చూడండి, ఆ పాఠానికి సంబంధించిన సామగ్రి నేరుగా తెరుచుకుంటుంది. తెలంగాణలో చదివే పిల్లలకు ఆ రాష్ట్ర ప్రభుత్వం నడిపే టీ-శాట్ చానల్ పాఠాలు టీవీలోనే వస్తాయి. పక్కన షార్ట్స్ ఊరించని చోట పాఠం వినడం పిల్లలకు కూడా సులువు.

ఎంతసేపు అంటారా? కరోనా కాలంలో, 2020 జులైలో కేంద్ర విద్యాశాఖ "ప్రజ్ఞాత" పేరిట ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆన్‌లైన్ తరగతులు రోజుకు 30 నుంచి 45 నిమిషాల చొప్పున రెండుకు మించరాదని చెప్పారు. బడులు మూసి ఉన్న రోజులకే అది హద్దు అయినప్పుడు, పగలంతా బడిలో కూర్చుని వచ్చిన బిడ్డకు సాయంత్రం అంతకంటే తక్కువే చాలాలి. హోంవర్కును ముందు నోటుపుస్తకంలో దించుకుని, ఫోన్ తిరిగి ఇచ్చేసి, ఆ తర్వాత రాసుకునే పద్ధతి పెట్టి చూడండి. ఫోన్‌తో నిజంగా పని ఉండేది ఐదు నిమిషాలేనని తేలుతుంది.

ఇంట్లో పాత ఫోన్ ఏదైనా మూలన పడి ఉంటే, సిమ్ లేకుండా దాన్ని అమ్మాయి చదువుకు కేటాయించి, మీ వారి ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ద్వారా దానికి ఇంటర్నెట్ ఇవ్వవచ్చు. గూగుల్ ఫ్యామిలీ లింక్ అనే యాప్ ద్వారా అందులో పిల్లల ఖాతా తెరిస్తే ఏ యాప్ వేయాలన్నా మీ వారి అనుమతి అడుగుతుంది, నిద్రవేళకు ఫోన్ దానంతట అదే మూతపడుతుంది. మన దేశంలో 13 ఏళ్లలోపు పిల్లలు గూగుల్ ఖాతా తెరవాలంటే ఈ దారినే రావాలి. తండ్రి పుట్టిన తేదీ వేసి ఖాతా తెరిచే అలవాటు మన ఇళ్లలో ఎక్కువే గానీ, అలా చేస్తే ఆ కంపెనీ లెక్కలో మీ పాప నలభై ఏళ్ల మనిషి. చూపించేవి కూడా ఆ వయసుకు తగ్గట్టే చూపిస్తుంది.

ప్రశ్న: మావాడు తొమ్మిదో తరగతి. చదువు కోసమని ఫోన్ కొనిచ్చాను. వాడు నిద్రపోయాక రోజూ వాడి మెసేజీలు చదువుతున్నాను, వాడికి తెలియదు. ఇన్‌స్టాగ్రామ్‌లో వాడికి రెండో ఖాతా కూడా ఉందని మొన్న కనిపెట్టాను. ఇప్పుడు నిలదీస్తే దొంగతనంగా చూసినట్లు బయటపడుతుంది, నిలదీయకుంటే మనసు ఊరుకోవడం లేదు.
— ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: బయటపడనివ్వండి, మీరే చెప్పండి. "నీ ఫోన్ చూశాను, చెప్పకుండా చూడడం బాగులేదు, ఇకమీద చూడాలనుకుంటే నీ ఎదుటే చూస్తాను" అనండి. మీ అబ్బాయి రెండో ఖాతా తెరవడానికి కారణం మొదటి ఖాతా మీద మీ కన్ను ఉందని వాడు పసిగట్టడమే కావచ్చు. ఇలా దాగుడుమూతలు సాగితే మూడో ఖాతా తెరుస్తాడు, దాన్ని మీరు కనిపెట్టలేరు.

కూర్చుని మాట్లాడిన రోజున ఆ రెండు ఖాతాల్లోనూ ఏ పుట్టిన సంవత్సరం వేశాడో చూడండి. 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలోనూ ఇన్‌స్టాగ్రామ్ 18 ఏళ్లలోపు వారికి "టీన్ ఖాతాలు" అమలు చేస్తోంది. అందులో ఖాతా మొదటి నుంచే ప్రైవేటుగా ఉంటుంది, తాను అనుసరించని అపరిచితులు మెసేజీలు పంపలేరు, రాత్రి 10 నుంచి ఉదయం 7 వరకు నోటిఫికేషన్లు రావు, 16 నిండని వారు ఈ అమరికలను సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. తప్పుడు వయసు వేసిన ఖాతాకు ఇవేవీ వర్తించకపోవచ్చు. రెండో ఖాతా ఎందుకని తగవు పెట్టుకోవడం కంటే పుట్టిన సంవత్సరం సరిదిద్దించడం వల్ల ఎక్కువ మేలు జరుగుతుంది. మెసేజీలు చదివే పని అంతటితో మానేయండి. ఆ ఖాతాలో ఎంతసేపు గడుపుతున్నాడో చూసేందుకు తల్లిదండ్రుల పర్యవేక్షణ సదుపాయం ఉంది, అది వాడికి తెలిసే జరుగుతుంది.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఆన్‌లైన్ కోచింగ్ కోసం చేరిన ఒక గ్రూపులో పరిచయమైన వ్యక్తి, దాని ప్రొఫైల్ ఫొటోను అసభ్యంగా మార్చి పంపి, డబ్బు ఇవ్వకపోతే అందరికీ పంపిస్తానని బెదిరిస్తున్నాడు. అమ్మాయి మూడు రోజులు అన్నం తినకుండా ఉండి నిన్న చెప్పింది. మా బావగారు పోలీసుల దాకా వెళితే పరువు పోతుందంటున్నారు. ఫోన్ తీసేసి, చదువు మాన్పించి ఊరికి పంపేద్దామా అని ఇంట్లో మాట నడుస్తోంది.
— ఒక తల్లి, అనంతపురం జిల్లా

జవాబు: ఈ ఉత్తరానికి పత్రిక వచ్చేదాకా ఆగకుండా ఆమెకు విడిగా జవాబు పంపాము. ఇదే కష్టంలో ఉన్న మరికొందరికి పనికివస్తుందని ఇక్కడ కూడా రాస్తున్నాను.

నేరం చేసినవాడు ఎక్కడో ఉండగా శిక్ష మీ అమ్మాయికి వేయకండి. చదువు మాన్పించి ఊరికి పంపితే, "చెప్పి తప్పు చేశాను" అని ఆ బిడ్డ అనుకుంటుంది, దాన్ని చూసిన చెల్లెళ్లూ స్నేహితురాళ్లూ ఇక ఎవరికీ ఏదీ చెప్పరు. బెదిరించేవాడు నమ్ముకున్నది కూడా ఆ భయాన్నే. డబ్బు ఇవ్వకండి. ఒకసారి ఇచ్చిన ఇంటిని అతడు వదిలిపెట్టడు. ఇప్పటికే కొంత ఇచ్చి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసంలో పోయిన డబ్బును దారిలోనే ఆపించేందుకు ఏర్పాటైన నంబరు అది, ఎంత తొందరగా చేస్తే అంత ఫలితం ఉంటుంది.

కోపంతో సంభాషణ మొత్తం చెరిపేయడం, అతణ్ని వెంటనే బ్లాక్ చేయడం సహజంగా తోచే పనులు, కానీ రెండూ కాసేపు ఆపాలి. అతడి ఖాతా పేరు, ప్రొఫైల్ లింకు, ఫోన్ నంబరు, డబ్బు పంపమన్న యూపీఐ ఐడీ, మెసేజీల తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. ఆ తర్వాత ఖాతాను రిపోర్టు చేసి బ్లాక్ చేయండి. మార్చిన ఆ ఫొటోను మాత్రం "సాక్ష్యం కోసం" అంటూ బావగారికో అన్నగారికో పంపవద్దు. పద్దెనిమిది నిండని పిల్లల అసభ్య చిత్రాన్ని ప్రచారం చేయడం ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ కింద నేరం, మొదటిసారికే 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. కంప్యూటర్‌తో మార్చి తయారు చేసిన చిత్రం కూడా 2019 సవరణ తర్వాత, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం పరిధిలోకి వస్తుంది. అంటే బెదిరిస్తున్నవాడి మీద ఈ చట్టాలు బలంగా పనిచేస్తాయి, ఆ చిత్రాన్ని ఇంటిల్లిపాదికీ పంపితే మన మెడకూ చుట్టుకోవచ్చు. పోలీసులకు ఆ ఫోన్‌లోనే చూపించండి.

పరువు విషయానికి వస్తే, బావగారికి చట్టంలోని ఈ సంగతులు చదివి వినిపించండి. పోక్సో ప్రకారం బాధిత బిడ్డ పేరు, ఫొటో, చిరునామా, బడి పేరు, కుటుంబ వివరాలు పత్రికలు బయటపెట్టకూడదు, దర్యాప్తులోనూ విచారణలోనూ అవి గోప్యంగా ఉండాలి. అమ్మాయి మాటను ఇంటి దగ్గరే నమోదు చేయమని అడగవచ్చు. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాంలో రాకూడదు, ఏ కారణం చేతనైనా బిడ్డను రాత్రి పూట స్టేషన్‌లో ఉంచరాదు. ఏ స్టేషన్ పరిధి అన్న పేచీ లేకుండా దగ్గరలోని స్టేషన్‌లోనే ఫిర్యాదు తీసుకోవాలి. స్టేషన్‌కు వెళ్లే ముందే జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలకు ఉన్న ప్రత్యేక భాగంలో ఫిర్యాదు నమోదు చేయవచ్చు, అందులో పేరు చెప్పకుండా తెలియజేసే వీలు కూడా ఉంది. పిల్లల సహాయవాణి 1098 రాత్రీ పగలూ పనిచేస్తుంది, అమ్మాయి స్వయంగా చేసినా మాట్లాడతారు.

ఫొటో నిజంగానే బయటకు పోతుందేమో అన్న భయానికి ఒక ఉపాయం ఉంది. పిల్లల రక్షణ కోసం పనిచేసే ఒక అమెరికా సంస్థ 2023లో "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ప్రారంభించింది. ఫొటో మీ ఫోన్ దాటి ఎక్కడికీ పోదు. దాని నుంచి వేలిముద్ర లాంటి ఒక సంకేతాన్ని ఫోన్‌లోనే తయారు చేసి, అదొక్కటే ఈ ఏర్పాటులో చేరిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి కంపెనీలకు ఇస్తారు. ఆ సంకేతానికి సరిపోయే చిత్రాన్ని తమ వేదికల మీద గుర్తించి తీసివేయడానికి వారికి అది పనికివస్తుంది. వాట్సాప్ వంటి తాళం వేసిన సంభాషణల్లో ఇది పనిచేయదు.

ఇక అమ్మాయి సంగతి. మూడు రోజులు అన్నం మానేసిన బిడ్డను కొన్నాళ్లు ఒంటరిగా పడుకోనివ్వకండి, ఏం జరిగిందో ఇంట్లో ప్రతి ఒక్కరికీ మళ్లీ మళ్లీ చెప్పించకండి. కోచింగ్ మాన్పించవద్దు. తనను ఎవరు ఏ గ్రూపులో చేర్చాలన్నది వాట్సాప్ ప్రైవసీలో "నా కాంటాక్టులు" అని మార్చి, ప్రొఫైల్ ఫొటో అందరికీ కనిపించకుండా చేస్తే ఇలాంటివారికి దారి చాలావరకు మూసుకుపోతుంది.

ప్రశ్న: పదో తరగతి చదువుతున్న మా అబ్బాయి ట్యూషన్ మానేశాడు. సందేహం వస్తే కృత్రిమ మేధ యాప్‌ను అడుగుతున్నాడు. అది తెలుగులో కూడా చక్కగా చెబుతోంది. దీనివల్ల ప్రమాదమేమైనా ఉందా?
— ఒక తండ్రి, వరంగల్

జవాబు: ఒక పరీక్ష పెట్టి చూడండి. పదో తరగతి తెలుగు వాచకంలోంచి ఒక ఉత్పలమాల పాదం ఇచ్చి గణ విభజన చేయమనండి. భ ర న భ భ ర వ అని సూత్రం తడుముకోకుండా చెప్పి, ఎదురుగా ఉన్న పాదంలో మాత్రం లఘువును గురువుగా వేసి, లెక్క కుదిరిందని ధీమాగా తేల్చడం నేను చూశాను. తెలిసినవారు పక్కన ఉంటే నవ్వుకునే తప్పు అది, పరీక్షకు చదివే పిల్లవాడికి అదే పాఠమైపోతుంది. అందుకని జవాబు అడగడం కంటే, తాను రాసిన జవాబు చూపించి ఎక్కడ తప్పిందో చెప్పమనడం, ఆ చెప్పినదాన్ని మళ్లీ పుస్తకంతో సరిచూసుకోవడం అలవాటు చేయండి.

భద్రత వైపు చూస్తే, ఇలాంటి యాప్‌లలో ఒకటైన చాట్‌జీపీటీ వాడాలంటే కనీసం 13 ఏళ్లు ఉండాలి, 18 నిండని వారికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. 2025 సెప్టెంబరు నుంచి తల్లిదండ్రులు తమ ఖాతాను పిల్లల ఖాతాతో కలిపి, ఏ వేళల్లో వాడకూడదో నిర్ణయించే వీలు కూడా ఇచ్చారు. పేరు, బడి, హాల్‌టికెట్టు, ముఖం కనిపించే ఫొటో అందులో పెట్టవద్దని చెప్పండి. భౌతికశాస్త్రం సందేహాల కంటే నేను ఎక్కువ గమనించమనేది మరొకటి. అర్ధరాత్రి వేళ "నేను ఫెయిలైతే ఏమవుతుంది" లాంటి ప్రశ్నలు వాడు మిమ్మల్ని కాకుండా దాన్ని అడుగుతున్నాడేమో చూసుకోండి. ట్యూషన్ ఎందుకు మానేశాడో కూడా ఒకసారి నెమ్మదిగా అడగండి, ఉత్తరంలో ఆ సంగతి రాయలేదు.

ప్రశ్న: మనవడు ఆటలో ఏవో వజ్రాలు కొన్నాడని నా పింఛను ఖాతాలో డబ్బు పోయింది. ఏం చేయాలి?
— ఒక తాతగారు, రాజమహేంద్రవరం

జవాబు: ప్లే స్టోర్ ద్వారా కొని ఉంటే అందులోని ఆర్డర్ చరిత్రలోకి వెళ్లి రిఫండ్ కోసం ఈ రోజే అడగండి, ఆలస్యమైతే అవకాశం తగ్గుతుంది. అదే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా పెట్టండి, పింఛను ఖాతాను ఆ ఫోన్ నుంచి తీసివేయండి. వజ్రాలు కొనడం వేరు, డబ్బు గెలుస్తావని చెప్పి పందెం కాయించే ఆటలు వేరు. రెండో రకాన్ని 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం పూర్తిగా నిషేధించింది. మనవడి ఫోన్‌లో అలాంటిది కనబడితే తీసివేయించి, డబ్బు పోయి ఉంటే 1930కి చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉంటుంది. మనవరాలు బడికి వెళ్లిన మొదటి రోజున యూనిఫాంలో తీసిన ఫొటో నాకు పంపింది. మురిసిపోయి ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. తీసేయమని అమ్మాయి గట్టిగా చెప్పింది. అమ్మమ్మకు ఆ మాత్రం హక్కు లేదా?
— ఒక అమ్మమ్మ, విజయవాడ

జవాబు: హక్కు మాట పక్కన పెట్టి, ఆ ఫొటోను ఒకసారి మీది కాని కళ్లతో చూడండి. యూనిఫాం మీద బడి గుర్తు ఉంటుంది, కింద మీరు పాప పేరు, ముద్దుపేరు, వయసు రాసి ఉంటారు, పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా ఏటా అక్కడే చెప్పి ఉంటారు. ముక్కూ ముఖం తెలియని మనిషి ఆ పాప దగ్గరకు వచ్చి "మీ అమ్మమ్మ విజయవాడ కదూ, నిన్ను ఫలానా పేరుతో పిలుస్తుంది కదూ" అనడానికి కావలసినదంతా అందులో ఉంది. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు పిల్లలకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వాటిలో ఖాతాలు ఉండకుండా కంపెనీలే చూసుకోవాలన్న చట్టం అమల్లోకి వచ్చింది. ఆ చట్టం పెద్దలు పెట్టే ఫొటోలను ఆపదు. అక్కడి బడుల్లో, ఇళ్లలో ఈ చర్చ వింటున్న మీ అమ్మాయికి ఆ బెంగ ఉండడంలో ఆశ్చర్యం లేదు.

ఫేస్‌బుక్‌లోది తీసివేయండి. స్టేటస్ మానుకోనక్కరలేదు. వాట్సాప్ స్టేటస్ ప్రైవసీలో "వీరికి మాత్రమే" అనే వీలు ఉంది, అందులో చెల్లెళ్లు, వదినలు, అమ్మాయి ఒప్పుకున్న మరో నలుగురి పేర్లు ఎంచుకోండి. ఆ పేర్ల జాబితాను ముందుగా మెల్‌బోర్న్‌కు పంపి సరేననిపించుకోండి. యూనిఫాం లేని ఫొటో ఒకటి పంపమని కూడా అడగండి, అది కాదనదు.